యుద్ధం నుండి ఇంటికి వచ్చినవారిని చేర్చుకొనుట: ఆధునిక యుద్ధాల మానసిక, సామాజిక ప్రభావాలు – సంఘ కాపరి బాధ్యత

ఉపోద్ఘాతం

రేపల్లె ప్రాంతంలోని ఒక సంఘంలో కొన్నేళ్ల క్రితం జరిగిన సంగతితో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తున్నాము. ఊరు, పేరు చెప్పడం లేదు. ఆ సంఘంలో సైన్యం నుండి పదవీ విరమణ చేసిన విశ్వాసి ఒకరు ఉండేవారు. 1987–90 మధ్య శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆదివారం ఆరాధనకు క్రమంగా వచ్చేవారు గాని, క్రిస్మస్ నెల మొదలైతే గుడి వైపు కనబడేవారు కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు ఒక్కసారి కూడా రాలేదు. "మిలిటరీ ఆయన చల్లారిపోయాడు" అని సంఘ పెద్దలు తీర్మానించారు. మేమూ అదే నమ్మాము. ఆయన ఇంటికి వెళ్లి, విశ్వాసంలో బలహీనపడవద్దని హెచ్చరించి, ఉపవాస ప్రార్థన చేయమని చెప్పి వచ్చాము. ఆ తరువాత ఆయన ఆదివారం రావడం కూడా మానుకున్నారు.

చాలా నెలలకు ఆయన భార్య మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, ఆయన దేవుణ్ణి విడిచిపెట్టలేదండి. టపాకాయలు పేలితే ఆయనకు ఒళ్లంతా చెమటలు పట్టి, మంచం కిందికి వెళ్లిపోతారండి. ఆ సంగతి మీతో చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారండి" అంది. మేము ఆత్మీయ రోగమని తలచినది ఒక గాయమని ఆ రోజు తెలిసింది. ఆ గాయంపై మేమే ఇంకొక దెబ్బ కొట్టి వచ్చామని కూడా తెలిసింది.

ఆధునిక యుద్ధాలు మనిషి మనస్సుపై, కుటుంబంపై, సమాజంపై చూపే ప్రభావాలను గూర్చి గత నూరేళ్లలో జరిగిన పరిశోధనను ఈ వ్యాసంలో పరిశీలించి, దానిని సంఘ కాపరి పరిచర్యకు అన్వయించదలచాము. మా వాదన ఒక్కటే. యుద్ధంలో జరిగిన దానిని మార్చడం ఎవరి వల్లా కాదు. అయితే యుద్ధం నుండి వచ్చిన మనిషిని మనం ఎలా చేర్చుకుంటామన్నది ఆ గాయం మానడంలోను, ముదరడంలోను పెద్ద పాత్ర వహిస్తుంది. కనుక ఇది వైద్యునికి మాత్రమే కాక సంఘానికి కూడా సంబంధించిన విషయం.

1. మన తీరానికి యుద్ధం దూరమైనదా?

యుద్ధం సరిహద్దుల్లో జరిగేదని, కృష్ణా డెల్టా గ్రామాలకు దానితో పని లేదని మనలో ఒక అభిప్రాయం ఉంది. చరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. పడిన బాంబులు కొన్నే గాని, భయం తూర్పు తీరమంతా పాకింది. ఆ నెలలోనే మద్రాసులోని అనేక ప్రభుత్వ కార్యాలయాలను లోతట్టు పట్టణాలకు తరలించారు. నగర ప్రజలు లక్షల సంఖ్యలో ఇండ్లు విడిచి వెళ్లారు. బాంబు చేరని ఊళ్లకు కూడా వదంతి చేరుతుందని ఆ సంఘటన తెలియజేస్తుంది.

దానికి కొన్ని నెలల ముందు, 1941 డిసెంబరు 23న, రంగూన్‌పై జపాను విమానాలు దాడి చేశాయి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో లక్షన్నరకు పైగా తెలుగువారు ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి ఓడలెక్కి వెళ్లినవారు కాబట్టి అక్కడ వారిని 'కోరంగీలు' అనేవారు. రేవుల్లో మూటలు మోస్తూ, బియ్యపు మిల్లుల్లో పనిచేస్తూ బ్రతికిన ఈ కష్టజీవులు, బాంబుల తరువాత మిగిలిన భారతీయులతో కలిసి స్వదేశానికి పరుగు తీశారు. కొందరికి ఓడలు దొరికాయి. తక్కినవారు అరకాను కొండల మీదుగా, మణిపూర్ దారిలో, ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా నడిచారు. నాలుగైదు లక్షల మంది బయలుదేరగా కలరా, మలేరియా, ఆకలి వలన వేల సంఖ్యలో దారిలోనే చనిపోయారు. బిడ్డను దారిపక్కన పాతిపెట్టి ముందుకు నడిచిన తల్లి ఊరు చేరిన తరువాత ఆమెను ఎవరు పలకరించారు? ఆమె నిద్రను గూర్చి ఎవరు అడిగారు? 1960వ దశకంలో బర్మా నుండి మరల వచ్చినవారి గుర్తుగా విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అనే పేరు నిలిచి ఉంది. ఆ మనుష్యుల మనస్సులలో నిలిచినదానికి అటువంటి గుర్తు ఏదీ లేదు.

సైన్యానికి మనుష్యులను పంపడంలోనూ తెలుగు నేల వెనుకబడలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామం మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండవదానికి వెయ్యికి పైగా పంపినదని చెబుతారు. అందుకే దానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరు స్థిరపడింది. 2021 జూలైలో జమ్ము కశ్మీర్‌లోని సుందర్‌బనీ ప్రాంతంలో జరిగిన కాల్పుల్లో బాపట్ల మండలానికి చెందిన యువ జవాను మరణించాడు. 2025 మే నెలలో పాకిస్తాను కాల్పుల వలన శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన అగ్నివీరుడు చనిపోయాడు.

సైనికులు కానివారిని కూడా యుద్ధం విడిచిపెట్టలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన దేశం సుమారు 1,70,000 మందిని విమానాల్లో వెనుకకు తెచ్చింది. వారిలో గోదావరి జిల్లాల నుండి, కడప నుండి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. 2022లో ఉక్రెయిన్ నుండి తిరిగి వచ్చిన సుమారు 22,500 మంది భారతీయుల్లో తెలుగు వైద్య విద్యార్థులు వందల్లో ఉన్నారు. 2024 మార్చిలో హైదరాబాదు యువకుడొకడు రష్యా పక్షాన యుద్ధరంగంలో మరణించినట్లు వార్త వచ్చింది. అతడు ఉద్యోగం కోసం వెళ్లినవాడే. బాపట్ల దగ్గర సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది. 2022 డిసెంబరు 29న కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై యుద్ధ విమానాలతో అత్యవసర ల్యాండింగ్‌కు ప్రయోగాత్మక పరీక్ష జరిపారు. కనుక "యుద్ధబాధితులు మన సంఘంలో లేరు" అని చెప్పేముందు కాపరి తన విశ్వాసుల పట్టీని ఒకసారి తిరిగి చూసుకోవాలి.

2. గాయానికి పేరు దొరికిన క్రమం

యుద్ధం మనస్సును గాయపరుస్తుందని ప్రాచీనులకు తెలియకపోలేదు గాని, వైద్యశాస్త్రం దానిని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

1915 ఫిబ్రవరిలో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో 'షెల్ షాక్' అనే మాటతో ఒక వ్యాసం ప్రచురించాడు. ఒంటిపై గాయం లేకుండానే సైనికులు చూపు, రుచి, జ్ఞాపకం కోల్పోతున్నారని గమనించాడు. మొదట దీనిని ఫిరంగి గుండు పేలుడు వలన నరాలకు తగిలిన దెబ్బ అనుకున్నారు. అయితే పేలుడుకు దూరంగా ఉన్నవారిలోనూ అవే లక్షణాలు కనబడ్డాయి. యుద్ధం ముగిసేనాటికి బ్రిటిష్ సైన్యంలోనే దాదాపు 80 వేల మందిని ఈ విధంగా గుర్తించారు. మరొక వైపు, పారిపోయారని, పిరికితనం చూపారని 306 మంది బ్రిటిష్, వలస దేశాల సైనికులను వారి సొంత సైన్యమే కాల్చి చంపింది. వారికి 2006లో క్షమాపణ ప్రకటించారు. గాయానికి సరైన పేరు పెట్టకపోతే అది నేరంగా మారుతుందనడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం అవసరం లేదు.

స్కాట్లాండులోని క్రెయిగ్లాక్‌హార్ట్ ఆసుపత్రిలో డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ అనే వైద్యుడు మరొక దారి చూపాడు. "మరచిపో, మగవాడిగా ఉండు" అనే సలహా రోగికి హాని చేస్తోందని, భయాన్ని బలవంతంగా అణచుకునేవారే రాత్రివేళ ఎక్కువగా బాధపడుతున్నారని ఆయన గ్రహించాడు. అదే యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి పోరాడారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారి మనస్సులను గూర్చి ఇటువంటి శ్రద్ధ వహించిన ఆసుపత్రి మన పల్లెల్లో ఒక్కటీ లేదు.

వియత్నాం యుద్ధం తరువాత, మాజీ సైనికులు స్వయంగా ఉద్యమించిన ఫలితంగా, 1980లో అమెరికా మనోరోగ వైద్యుల సంఘం పి.టి.ఎస్.డి. అనే పేరును తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. తెలుగులో దీనిని 'ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత' అనవచ్చు. ఆ మాజీ సైనికులపై జరిగిన జాతీయ అధ్యయనం, యుద్ధరంగంలో పనిచేసిన పురుషులలో సుమారు 15 శాతం మందికి అప్పటికీ ఈ రుగ్మత ఉన్నదని, సుమారు 30 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినదని తేల్చింది. 2006లో ఆ వివరాలనే ఇంకా కఠినంగా పరిశీలించినవారు ఆ లెక్కలను సుమారు 9, 19 శాతాలకు తగ్గించారు. తగ్గిన లెక్క కూడా చిన్నది కాదు. అదే సమయంలో, యుద్ధానికి వెళ్లిన వారిలో ఎక్కువమందికి ఈ రుగ్మత రాలేదన్న సంగతిని కూడా మనం మరచిపోకూడదు. ప్రతి మాజీ సైనికుణ్ణీ రోగిగా చూడడం ఒక విధమైన అవమానమే.

పౌరుల సంగతి ఏమిటి? 2019లో 'లాన్సెట్'లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, యుద్ధ పీడిత ప్రాంతాల్లో నివసించేవారిలో 22 శాతం మంది, అనగా ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా, కుంగుబాటు, ఆందోళన, పి.టి.ఎస్.డి. వంటి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. నేటి యుద్ధాలు పొలాల మధ్య కాక పట్టణ వీధుల్లో, ఆసుపత్రుల పక్కన, అపార్టుమెంట్ల నడుమ జరుగుతున్నాయి కాబట్టి ఈ భారం ఎక్కువగా స్త్రీలు, పిల్లలు, వృద్ధులపై పడుతోంది.

3. ఆ గాయం ఎలా పనిచేస్తుంది?

దీనిని మన ప్రాంతపు అనుభవంతో వివరించడం సులభం. 1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణ అవతలి ఒడ్డున దివిసీమను ముంచివేసింది. ఈ ఒడ్డున ఉన్న మన గ్రామాలూ ఆ తుపాను దెబ్బ తిన్నాయి. ఆ రాత్రిని చూసినవారు ఎన్నో ఏళ్ల తరువాత కూడా, రేడియోలో వాయుగుండం మాట వినబడగానే లేచి కూర్చునేవారు. గాలి హోరు పెరిగితే పిల్లలను దగ్గరకు లాక్కునేవారు. అది అవిశ్వాసం కాదు. ప్రాణాపాయాన్ని ఒకసారి చూసిన మెదడు, రెండవసారి మోసపోకూడదని కాపలా కాస్తోంది. ఆ కాపలా తుపాను వెలిసిన తరువాత కూడా ఆగకపోవడమే రుగ్మత.

వైద్యులు దీని లక్షణాలను నాలుగు గుంపులుగా చెబుతారు. మొదటిది, జరిగినది మరల మరల జరుగుతున్నట్లు అనుభవించడం. పీడకలలు, ఉన్నట్టుండి కళ్ల ముందు ఆ దృశ్యం కదలడం దీనిలోకి వస్తాయి. రెండవది, దానిని గుర్తుచేసే చోట్లను, మనుష్యులను, మాటలను తప్పించుకు తిరగడం. మూడవది, మనస్సు మొద్దుబారడం. సంతోషం, ప్రేమ అనుభవానికి రావు. తనను తాను నిందించుకుంటాడు. నాలుగవది, ఎప్పుడూ అప్రమత్తంగా ఉండడం. నిద్ర పట్టదు, చిన్న మాటకే కోపం వస్తుంది, చప్పుడుకు ఉలికిపడతాడు, గోడకు ఆనుకొని తలుపు కనబడేలా కూర్చుంటాడు. ఇవి నెలకు మించి కొనసాగి, పనిని, సంసారాన్ని చెరుపుతుంటే వైద్య సహాయం తప్పనిసరి.

కాపరి ముఖ్యంగా తెలుసుకోవలసినది, ఈ లక్షణాలు మన కళ్లకు వేరే రూపంలో కనబడతాయని. తప్పించుకు తిరగడం "సహవాసం మానుకున్నాడు" అనిపిస్తుంది. మొద్దుబారడం "ప్రార్థనలో ఆసక్తి లేదు" అనిపిస్తుంది. కోపం "పాత మనిషి బయటపడ్డాడు" అనిపిస్తుంది. నిద్ర కోసం తాగడం ఒట్టి తాగుబోతుతనంగానే కనబడుతుంది. రాత్రివేళ కేకలు వేస్తే "దయ్యం పట్టింది" అంటారు. ఇలా ప్రతి లక్షణానికీ మన దగ్గర సిద్ధంగా ఒక ఆత్మీయ నింద ఉంది.

4. నైతిక గాయం: వేదాంతం మాట్లాడవలసిన చోటు

భయం ఒక్కటే యుద్ధగాయం కాదు. 1994లో జోనథన్ షే అనే మనోరోగ వైద్యుడు, వియత్నాం మాజీ సైనికుల మాటలను హోమరు ఇలియడ్‌తో పోల్చి రాసిన గ్రంథంలో, వారిని లోలోపల తినివేసినది భయం కంటె నమ్మకద్రోహమని చూపాడు. న్యాయం చేయవలసిన అధికారే అన్యాయం చేయడం వారిని విరిచివేసింది. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు 'నైతిక గాయం' అనే భావనను విస్తరించారు. మనిషి తన మనస్సాక్షికి విరుద్ధమైనదానిని చేసినా, ఆపలేకపోయినా, కళ్లారా చూసినా ఈ గాయం కలుగుతుంది. భయపడినవాడు "నాకు ఏమవుతుందో" అంటాడు. నైతిక గాయం తగిలినవాడు "నేను ఎటువంటివాణ్ణి?" అని అడుగుతాడు.

నేటి యుద్ధంలో శత్రువుకు వేల మైళ్ల దూరంలో కూర్చున్నవాడు కూడా దీనికి మినహాయింపు కాదు. డ్రోన్ నడిపేవాడు ఒక మనిషిని రోజుల తరబడి తెరపై గమనిస్తాడు. అతని పిల్లలను, ఇంటి ముంగిటిని చూస్తాడు. ఒకనాడు మీట నొక్కి, ఆ సాయంకాలం ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చుంటాడు. అమెరికా సైన్యపు ఆరోగ్య సమాచారంపై 2013లో వెలువడిన అధ్యయనం, వీరిలో మానసిక సమస్యలు విమానం ఎక్కి యుద్ధానికి వెళ్లేవారితో ఇంచుమించు సమానంగానే ఉన్నాయని చూపింది. దూరం శరీరాన్ని కాపాడింది గాని మనస్సాక్షిని కాపాడలేదు.

"నేను చేసినది తప్పు" అనేవానికి "నీ తప్పేమీ లేదు, అది నీ ఉద్యోగం" అని చెప్పి పంపడం తరచుగా పనిచేయదు. ఈ విషయంలో సంఘ చరిత్ర మనకంటె లోతుగా ఆలోచించింది. నాలుగవ శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిలు, యుద్ధంలో చంపడాన్ని పితరులు హత్యగా ఎంచలేదని ఒప్పుకుంటూనే, చేతులు రక్తసిక్తమైనవారు మూడు సంవత్సరాలు ప్రభు బల్లకు దూరంగా ఉండడం మేలని సలహా ఇచ్చాడు. 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచిన నార్మన్ సైనికులకు వారి బిషపులే, చంపిన ఒక్కొక్కరికి ఒక సంవత్సరం ప్రాయశ్చిత్తం విధించారు. ఆ నియమాలను నేడు మన సంఘాల్లో పెట్టాలని మేము చెప్పడం లేదు. కృపను గూర్చిన మన బోధ వేరు. వారు గ్రహించిన సంగతి మాత్రం మనకు కావాలి. గెలిచిన సైనికుడు కూడా నేరుగా పంక్తిలో వచ్చి కూర్చోలేడు. అతనికి తిరిగి వచ్చే దారి ఒకటి కావాలి.

సంఖ్యాకాండం 31వ అధ్యాయం చాలా కష్టమైన అధ్యాయం. అందులోని సంహారాన్ని సమర్థించడం మా ఉద్దేశం కాదు. అయినా 19 నుండి 24 వరకు ఉన్న వచనాలను గమనించండి. యుద్ధం నుండి వచ్చినవారు ఏడు రోజులు పాళెము వెలుపల ఉండి, తమను, తమ వస్త్రాలను శుద్ధి చేసుకొని, తరువాత లోపలికి రావాలి. వారిని తరిమివేయలేదు. ఏమీ జరగనట్లు రమ్మనలేదు. 1 దినవృత్తాంతములు 22వ అధ్యాయంలో దావీదు తాను మందిరం ఎందుకు కట్టలేకపోయాడో కుమారునికి చెబుతాడు. తాను ఒలికించిన రక్తమే అందుకు కారణమని దాచకుండా చెప్పాడు. గెలిచిన రాజు నోట ఆ మాట వచ్చిందంటే, మన మాజీ సైనికుని నోట రావడానికి మనం చోటు ఇవ్వాలి.

5. కుటుంబం, పిల్లలు, సమాజం

యుద్ధగాయం ఒక్కని దగ్గర ఆగదు. భర్త మౌనాన్ని భార్య తన తప్పుగా భావిస్తుంది. తండ్రి కోపం ఏ నిమిషంలో వస్తుందోనని పిల్లలు అడుగులు లెక్కపెట్టుకొని నడుస్తారు. జవాను మరణించిన ఇంటిలో మొదటి పది రోజులు జెండాలు, నాయకులు, కెమెరాలు ఉంటాయి. తరువాత పరిహారం సొమ్ము విషయంలో అత్తింటికి, పుట్టింటికి మధ్య చిన్నవయస్సు విధవరాలు నలిగిపోయే సందర్భాలు ఉన్నాయి. వీరుని భార్య కాబట్టి ఏడవకూడదని ఆమెకు చెప్పేవారు కూడా ఉన్నారు. సౌలు, యోనాతానులు కూలినప్పుడు దావీదు ఏడ్చి, ప్రలాపించి, ఆ విలాపాన్ని ప్రజలకు నేర్పించాడు (2 సమూయేలు 1). దుఃఖాన్ని దేశభక్తి పేరుతో అణచమని లేఖనం ఎక్కడా చెప్పలేదు.

పిల్లల విషయంలో రెండవ ప్రపంచ యుద్ధం నాటి ఒక పరిశోధన నేటికీ విలువైనది. లండన్‌పై బాంబులు పడుతున్న కాలంలో అనాథ, నిరాశ్రయ శిశువుల కోసం ఆనా ఫ్రాయిడ్, డోరతీ బర్లింగ్‌హామ్ శిశు గృహాలు నడిపారు. బాంబుల చప్పుడు కంటె తల్లి నుండి వేరు కావడమే పిల్లలను ఎక్కువగా కుంగదీసినదని వారు గమనించారు. పక్కన తల్లి నెమ్మదిగా ఉంటే బిడ్డ చాలామట్టుకు నిలదొక్కుకున్నాడు. ఇంట్లో స్థిరంగా ఉండే పెద్ద మనిషి ఒకరుండడం పిల్లవానికి కోటవంటిది.

మరి ఎవరికి గాయం ముదురుతుంది, ఎవరికి మానుతుంది? 2000లో బ్రూయిన్, ఆండ్రూస్, వాలెంటైన్ అనే పరిశోధకులు అప్పటివరకు జరిగిన అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఆ సంఘటనకు ముందున్న బలహీనతల కంటె, ఆ తరువాత మనుష్యుల ఆదరణ కరువవడం రుగ్మతతో ఎక్కువ సంబంధం గలదని తేలింది. ఈ దృష్టితో శ్రీలంక నుండి వచ్చిన మన సైనికులను తలచుకోండి. 1,100 మందికి పైగా సహచరులను పోగొట్టుకొని 1990 మార్చిలో మద్రాసు రేవులో దిగినవారికి దేశం చూపవలసిన ఆదరణ దక్కలేదు. కొందరు ఎవరి కోసం పోరాడామో చెప్పుకోలేని స్థితిలో ఇంటికి చేరారు. మేము పైన చెప్పిన విశ్వాసి వారిలో ఒకరు. ఆయనకు ఆదరణ చూపే అవకాశం మొదట దేశానికి, తరువాత సంఘానికి వచ్చింది. రెండూ తప్పిపోయాయి.

6. సంఘ కాపరి చేయవలసినవి, మానవలసినవి

మొదటిది: బలవంతంగా సాక్ష్యం చెప్పించవద్దు. ఉక్రెయిన్ నుండి వచ్చిన విద్యార్థిని ఆ ఆదివారమే వేదిక ఎక్కించి, దేవుడు ఎలా కాపాడాడో చెప్పమనడం మనకు అలవాటు. ఉద్దేశం మంచిదే. అయితే సంఘటన జరిగిన వెంటనే ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి పి.టి.ఎస్.డి.ని నివారించడం లేదని, కొందరికి హాని కూడా చేయవచ్చని పరిశోధనలు తేల్చాయి. అతడు చెప్పదలచినప్పుడు, చెప్పదలచినవారికి, చెప్పదలచినంత చెప్పనివ్వండి.

రెండవది: మొదట శరీరాన్ని గమనించండి. 1 రాజులు 19లో ఏలీయా చావును కోరుకున్నప్పుడు దూత వాదించలేదు, గద్దించలేదు. తినడానికి పెట్టి పడుకోనిచ్చాడు. రెండవసారి కూడా అలాగే చేశాడు. ప్రశ్న తరువాత వచ్చింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భాగస్వామ్య సంస్థలతో కలిసి ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స కరదీపిక కూడా ఈ వరుసనే చెబుతుంది: గమనించు, ఆలకించు, సహాయం చేయగలవారితో కలుపు.

మూడవది: మౌనంగా కూర్చోవడం నేర్చుకోండి. యోబు స్నేహితులు ఏడు దినాలు నేలపై కూర్చున్నంతసేపు మంచి కాపరులే. నోరు తెరచిన తరువాతనే చెడిపోయారు. 88వ కీర్తన వెలుగు లేకుండానే ముగుస్తుంది. దానిని సంఘంలో చదివే ధైర్యం మనకు ఉండాలి. అప్పుడే చీకటిలో ఉన్నవానికి తన ప్రార్థన కూడా ప్రార్థనే అని తెలుస్తుంది.

నాల్గవది: ఒప్పుకోలుకు రహస్యమైన, భద్రమైన చోటు కల్పించండి. విన్నది ప్రసంగంలో ఉదాహరణ కాకూడదు. త్వరపడి "క్షమించబడ్డావు, వెళ్లు" అనవద్దు. అతడు మోస్తున్నదానిని పూర్తిగా దించేవరకు వినండి. అటు తరువాత పలికే క్షమాపణ వాక్యం అతని చెవికి చేరుతుంది.

ఐదవది: వైద్యాన్ని అడ్డగించవద్దు. ఈ రుగ్మతకు పరీక్షింపబడిన మానసిక చికిత్సలు ఉన్నాయి, మందులూ ఉన్నాయి. మందులు వేసుకోవడం విశ్వాసలోపమని ఎవరైనా బోధిస్తే కాపరి దానిని ఖండించాలి. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, పూటకూళ్ల ఇంటికి తీసుకొనిపోయి, ఖర్చు కూడా పెట్టుకున్నాడు (లూకా 10). 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 నంబరుపై తెలుగులో కూడా ఉచితంగా పొందవచ్చు. సైనికులకు, వారి కుటుంబాలకు 2023 చివర పూణేలో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఎవరైనా చనిపోవాలని ఉందని అంటే దానిని బెదిరింపుగా తీసుకోవద్దు. సూటిగా అడగండి, ఒంటరిగా విడవవద్దు, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. భార్యాపిల్లలపై చేయి చేసుకునే ఇంట్లో మొదట వారి భద్రత చూడాలి. గాయం కోపానికి కారణం కావచ్చు గాని, కొట్టడానికి అనుమతి కాదు.

ఆరవది: దృశ్యాలను గూర్చి జాగ్రత్త వహించండి. 2023 మే నెలలో మణిపూర్‌లో హింస చెలరేగినప్పుడు, గాజా, ఉక్రెయిన్ యుద్ధాల సమయంలోను, ఘోరమైన వీడియోలు మన ప్రార్థన గుంపుల సెల్‌ఫోన్లలో తిరిగాయి. 2013 బోస్టన్ బాంబు పేలుళ్ల తరువాత జరిగిన అధ్యయనంలో, రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలు చూసినవారు, సంఘటన స్థలంలో ఉన్నవారికంటె ఎక్కువ తీవ్ర ఒత్తిడి లక్షణాలు తెలిపారు. బాధితుల కోసం ప్రార్థించడానికి వారి శవాలను పిల్లలకు చూపనవసరం లేదు.

ముగింపు

యుద్ధం న్యాయమా, అన్యాయమా అనే ప్రశ్నను సంఘం శతాబ్దాలుగా చర్చించింది, ఇంకా చర్చించవలసి ఉంది. అయితే ఆ చర్చ ముగిసేవరకు గాయపడినవాడు గుమ్మం దగ్గర నిలబడి ఉండలేడు. పరిశోధన చెబుతున్నది, లేఖనం చెబుతున్నది ఈ ఒక్క విషయంలో కలుస్తాయి. గాయపడిన మనిషి మానేది మనుష్యుల మధ్యనే. నిందించే సంఘం గాయాన్ని పెంచుతుంది, చేర్చుకునే సంఘం దానిని మాన్పుతుంది.

మొదట చెప్పిన విశ్వాసి సంగతి ముగించవలసి ఉంది. మేము మరల ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆయన ఏమీ అనలేదు, కాఫీ ఇప్పించారు. సంఘ పెద్దలతో మాట్లాడి గుడి ఆవరణలో టపాకాయలు కాల్చడం మాన్పించాము. యువకులు మొదట గొణిగారు. కారణం అడిగినవారికి ఆయన పేరు చెప్పలేదు. ఒక పెద్ద ఆయనకు తోడుగా గుంటూరులో వైద్యుని దగ్గరకు వెళ్లి వస్తూ ఉండేవారు. ఆయన పూర్తిగా బాగుపడ్డారని మేము రాయలేము. ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర ఉండదు. ఆదివారం మాత్రం వస్తున్నారు. వెనుక వరుసలో, తలుపు పక్కన కూర్చుంటారు. ముందుకు వచ్చి కూర్చోమని ఇప్పుడు ఆయనను ఎవరూ అడగరు. ఆ కుర్చీని ఆయన కోసం ఖాళీగా ఉంచుతారు.